స్వాతి నక్షత్రానికి గేదె

మొదటి రోజు: బ్యారేజీ

ఖమ్మం దాటేసరికి మా అమ్మాయి తోడేలు అయిపోయింది.

ఫోనులో ఏవో పన్నెండు ప్రశ్నలు. అడవిలో దారి తప్పితే ఏం చేస్తావు, కోపం వస్తే అరుస్తావా ముడుచుకుంటావా, పగలు ఇష్టమా రాత్రి ఇష్టమా... అన్నిటికీ జవాబులు నొక్కితే చివర్లో తోడేలు బొమ్మ ప్రత్యక్షమై 'ఇదే నీ స్పిరిట్ యానిమల్' అని చెప్పింది. అంటే మనిషికి జన్మంతా తోడుండి దారి చూపే జంతువట. తోడేలు వాళ్లకు స్వేచ్ఛ, నాయకత్వం, గుంపు పట్ల విధేయత ఉంటాయట. మా తోడేలుకు పదిహేనేళ్లు. తన గది సర్దుకోవాల్సి వచ్చినప్పుడు ఆ మూడు గుణాలూ ఎక్కడికి పోతాయో నాకు తెలియదు. పండగ ప్రయాణంలో గొడవెందుకని ఊరుకున్నాను.

తర్వాత ఫోను నా చేతికిచ్చింది. నాకు గుడ్లగూబ వచ్చింది. వివేకానికి గుర్తట. మా ఊళ్లో గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తారు. ఆ ప్రశ్నలు రాసినవాడు కృష్ణా తీరం ఎరగడు.

రైలు కొండపల్లి దాటుతుంటే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనపడ్డాయి. అవి కనపడితే బెజవాడ వచ్చేసినట్టే. మా వారికి సెలవు దొరకలేదు. నేనూ అమ్మాయీ రెండు రోజులు సత్యనారాయణపురంలో మా పిన్ని ఇంట్లో ఉండి, భోగి నాటికి గుంటూరు దగ్గర మా ఊరు చేరుకోవాలని ఏర్పాటు. నా జంతువును వెతుక్కోవాలన్న ఆలోచన అప్పటికింకా లేదు. గుడ్లగూబ మాత్రం కాదని ఖాయం చేసుకున్నాను, అంతే.

సాయంత్రం ఆటోలో ప్రకాశం బ్యారేజీకి వెళ్లాం. ఆటో నడిపే ఆయనది సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాళ్ల వీధిలోకి వచ్చిన సంగతి ఎత్తగానే ఆయన ఆటో వేగం సగానికి తగ్గింది. "మేడ మీద నాలుగు రోజులు ఉన్నామమ్మా. మేము ఏడుగురం, పక్కింటి వాళ్ల మేకలు మూడు. మెట్ల మీద ఒక పాము. అది పైకి రాలేదు, మేము కిందికి పోలేదు. నీళ్లు తీశాక ఎవరి దారిన వాళ్లం పోయాం" అన్నాడు. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి విన్నది ప్రయాణం మొత్తంలో ఇదే మొదటిసారి. ఏ పాము అని అడిగింది. "చూడలేదమ్మా, అదీ మమ్మల్ని చూడలేదు" అన్నాడాయన.

బ్యారేజీ మీద చివరి నుంచి చివరికి నడిస్తే కిలోమీటరు పైన మరో పావు కిలోమీటరు. 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టారు, ఇప్పుడున్న డెబ్బై గేట్ల బ్యారేజీ 1957లో వచ్చింది. ఇటు కాలువలు తూర్పు డెల్టాకు, అటు సీతానగరం వైపు నుంచి పశ్చిమ డెల్టాకు. మా ఊరి పొలాలకూ చెరువుకూ వచ్చేది ఆ పశ్చిమం నీళ్లే. చిన్నప్పుడు బస్సులో ఈ వంతెన దాటుతున్నప్పుడు మా నాన్న కిందికి చూపించి "అవి మన నీళ్లే, మనకన్నా ముందు బయలుదేరాయి" అనేవాడు.

గేట్ల దిగువన కాంక్రీటు దిమ్మల మీద నీటికాకులు వరసగా కూర్చున్నాయి. ఎదర ఉన్నదొకటి నీళ్లలోకి దూకింది. మేము లెక్కపెట్టుకుంటూ ఉన్నాం. ఇరవై మూడు అనేసరికి పది గజాల అవతల తేలింది. ముక్కులో అరచేయంత చేప అడ్డంగా ఉంది. దాన్ని గాల్లోకి కొద్దిగా ఎగరేసి, తల ముందు లోపలికి పోయేలా తిప్పుకుని మింగింది. తోక వైపు నుంచి మింగితే మొప్పలూ రెక్కముళ్లూ గొంతుకు అడ్డం పడతాయి. మింగాక దిమ్మ ఎక్కి రెండు రెక్కలూ బార్లా చాపి నిలబడిపోయింది, తీగ మీద ఆరేసిన నల్ల చొక్కాలాగా. బాతు ఈకలకు నీరంటదు. నీటికాకి ఈకలు తడుస్తాయి. తడిస్తేనే ఒళ్లు బరువెక్కి లోతుకు మునగగలదు. ఆ తర్వాత ఎండకు ఆరబెట్టుకోక తప్పదు.

"నీకు ఇది రావాల్సింది" అంది మా అమ్మాయి. "పని చేస్తావు, తడుస్తావు, తర్వాత గంటసేపు చేతులు చాపుకుని కూర్చుంటావు."

రాత్రి భోజనాల దగ్గర అది ఇంకా లోతుకు పోయింది. ఈ స్పిరిట్ యానిమల్ మాట అసలు అమెరికా ఆదివాసుల దగ్గర నుంచి ఎత్తుకొచ్చిందేనట. టోటెమ్ అన్న మాటకు మూలం ఒజిబ్వే జాతి వాళ్ల 'డూడెమ్'. అది మనిషి మనసుకు నచ్చి ఎంచుకునేది కాదు, పుట్టుకతో వచ్చే వంశం. కొంగ వంశం, ఎలుగుబంటి వంశం, చేప వంశం. ఒకే వంశం వాళ్లు పెళ్లి చేసుకోరు. పన్నెండు ప్రశ్నలకు జంతువును పంచిపెట్టడం చూసి అక్కడి ఆదివాసుల్లో చాలామందికి ఒళ్లు మండుతుందట. అది చదివాక తన తోడేలు మీద దానికి కొంచెం అనుమానం వచ్చినట్టుంది.

ఇందులో మాకు కొత్తేముంది అన్నాను. ఇంజనీరింగులో నాతోపాటు అరకు నుంచి వచ్చిన అమ్మాయి ఇంటిపేరు కిల్లో. కిల్లో అంటే పులి. వాళ్లలో పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి. కిల్లో వాళ్లు కిల్లో వాళ్లను చేసుకోరు, పులి వాళ్లకు చుట్టం. మైదానంలో మనకు చుట్టరికం పోయింది గానీ ఇంటిపేర్లు మిగిలాయి. నక్కా వారు, మేకా వారు, గుర్రం వారు, పిల్లి వారు, కోడి వారు. మా క్లాసులో నక్కా వారబ్బాయి, కోడి వారమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. మాస్టారు రోజూ అదే హాస్యం ఆడేవారు.

మా పిన్ని ఇదంతా విని లేచి వెళ్లి పంచాంగం తెచ్చింది. "దీనికి ఫోనెందుకే? పుట్టిన నక్షత్రాన్ని బట్టి ఎవరి జంతువు వాళ్లకు రాసే ఉంది. పెళ్లి పొంతన చూసేటప్పుడు యోని అని చూస్తారుగా, అదే." కళ్లజోడు సర్దుకుని పట్టిక మీద వేలు పెట్టింది. అశ్వినికి గుర్రం, భరణికి ఏనుగు, కృత్తికకు మేక... మా అమ్మాయిది ఆరుద్ర. శునకం అని చదివింది పిన్ని.

"కుక్కా!"

"తోడేలుకు దగ్గరి చుట్టమేగా" అన్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. నాది స్వాతి. పిన్ని వేలు అక్కడ ఆగింది. హస్తకూ స్వాతికీ ఒకటే జంతువు. మహిషం.

మా అమ్మాయి నవ్వు వీధి చివరికి వినపడి ఉంటుంది. నాకు మాత్రం చిన్నప్పటి మాటలన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. దున్నపోతు మీద వాన కురిసినట్టు. గేదెలా పెరిగావు, బుద్ధి మాత్రం పెరగలేదు. వర్షంలో తడుస్తూ నిలబడితే ఒకటి, పిలిస్తే పలక్కపోతే ఇంకొకటి. నల్లగా ఉంటానని ఎనిమిదో తరగతిలో ఎవరో పెట్టిన పేరొకటి, అది ఇక్కడ రాయను.

పిన్ని అక్కడితో ఆగలేదు. మా వారిది శతభిషం, గుర్రం. గుర్రానికీ మహిషానికీ జన్మవైరం. "మీ పెళ్లికి ముందు మీ నాన్న ఈ సంగతి మీదే పురోహితుడితో గంటసేపు వాదించాడు. మిగతా గుణాలు కలిశాయిగా, గుర్రాన్నీ గేదెనూ వేర్వేరు కొట్టాల్లో కట్టేద్దాం అన్నాడు" అంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ వాదన నాకు తెలిసింది. ఫోను చేసి మా వారికి చెప్పాను. "అందుకేనా నాకు సెలవుండదు, నీకు కదలిక ఉండదు" అన్నాడాయన.

రెండో రోజు: కొండ, కొండపల్లి

పొద్దున్నే ఇంద్రకీలాద్రి. పండగ రద్దీ అప్పుడే మొదలైంది. క్యూలో రెండు గంటలు నిలబడ్డాక అమ్మవారి ముందు రెండు క్షణాలు. అష్టభుజాలతో మహిషుణ్ణి త్రిశూలంతో పొడుస్తున్న మూర్తి అని అందరికీ తెలుసు. కానీ పట్టుచీర, నగలు, పూలదండల మధ్య మహిషుడు కనపడడు. అమ్మవారి ముఖమే కనపడుతుంది. బయటికి వచ్చాక పటాల దుకాణంలో చూశాం. ఇరవై రకాల పటాలు, ఇరవైలోనూ అమ్మవారి పాదం కింద నా జంతువే. ఒకదాంట్లో నాలుక బయట పెట్టి ఉంది, ఒకదాంట్లో కళ్లు తేలేసింది. సింహం మాత్రం అన్నింట్లోనూ దర్జాగా ఉంది.

"నువ్వు రాంగ్ టీమ్ అమ్మా" అంది మా అమ్మాయి.

దుకాణం పక్కనే అరుగు మీద కూర్చున్న పెద్దాయన, బహుశా అక్కడ పారాయణ చేసే పంతులుగారు, మా మాటలు విని కల్పించుకున్నారు. మహిషుడు యుద్ధంలో ఒక్క రూపంలో ఉండలేదట. అమ్మవారు పాశం వేసి కట్టబోతే గేదె రూపం వదిలి సింహమయ్యాడు. సింహం తల నరకబోతే కత్తి పట్టిన మనిషయ్యాడు. మనిషిని బాణాలతో కొడితే ఏనుగయ్యాడు. ఏనుగు తొండం తెగ్గొడితే, ఇక చాలనుకుని మళ్లీ గేదె అయ్యాడు. "చావు దగ్గర పడ్డాక ఎవరైనా సొంత రూపానికే వస్తారమ్మా" అని ఆయన తాంబూలం నమలడంలో పడిపోయారు. సింహమూ ఏనుగూ అయ్యాక మళ్లీ గేదెగా రావడం మాత్రం నాకు ఎందుకో నచ్చింది. మెట్లు దిగుతున్నంతసేపూ దాని గురించే ఆలోచించాను.

మధ్యాహ్నం బస్సెక్కి కొండపల్లి. మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. ఏటా కొత్త బొమ్మ ఒకటి చేర్చాలని మా అమ్మ పట్టుదల. బొమ్మల కాలనీలో వీధి వీధంతా అరుగుల మీద రంపపు పొట్టు, రంగుల గిన్నెలు. చెక్క తెల్ల పొణికి. ఆ చుట్టుపక్కల కొండల అడవిలో దొరుకుతుంది. చేతిలోకి తీసుకుంటే ఎండిన బెండులాగా తేలిగ్గా ఉంటుంది. తేమ పోయేదాకా ఆరబెట్టి, వెచ్చబెట్టి, అప్పుడు ఉలి పట్టాలి.

మేము కూర్చున్న అరుగు మీద ఒకావిడ అంబారీ ఏనుగుకు చెవులు అతుకుతోంది. ఒళ్లొక ముక్క, తొండమొక ముక్క, చెవులు రెండు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కు, బొటనవేలితో కొద్దిగా తీసి అతుకు మీద పూసింది. చెవిని నొక్కి పట్టుకుని, మాతో మాట్లాడుతూనే మనసులో ఏదో లెక్కపెట్టుకుని వదిలింది. తర్వాత తడి వేలితో అంచు నున్నగా సాపు చేసింది. చెవి ఎక్కడ మొదలైందో నాకు కనపడలేదు. ఇది ఆరాక ఆకురాయి పడుతుంది, ఆపైన సుద్ద, దాని మీద రంగులు. కళ్లు మాత్రం చివర్లో పెడతారు.

గేదె బొమ్మ ఉందా అని అడిగాను. ఆవిడ చేతిలో పని ఆపి నన్ను చూసింది. ఆవూదూడా ఉంది. ఎద్దులబండి ఉంది. దశావతారాల్లో చేప ఉంది, తాబేలు ఉంది, పంది ఉంది. గేదె లేదు. "యమధర్మరాజు బొమ్మ అడిగితే కింద చేసిస్తామమ్మా. ఒట్టి గేదెను ఎవరూ అడగరు" అంది. లోపల నుంచి ఆవిడ భర్త "మనింట్లో పాలు దానివే, బొమ్మ మాత్రం ఆవుది" అని నవ్వాడు.

దశావతారాలు కొన్నాం. ధర చెప్పను, మా అమ్మ ఇది చదవవచ్చు.

మూడో రోజు: భోగి, ఉప్పలపాడు

తెల్లవారుజామున నాలుగింటికి మా ఊళ్లో భోగిమంట. పాత తట్టలు, తాటాకులు, విరిగిన మంచం కోడు, పిడకల దండలు. మా తమ్ముడి పిల్లలకు మధ్యాహ్నం రేగుపళ్లు పోశారు. ఇదంతా ఎవరికి తెలియదు గనక.

సాయంత్రం ఉప్పలపాడు వెళ్లడం తమ్ముడి ఆలోచన. గుంటూరుకు ఏడెనిమిది కిలోమీటర్లలో ఊరి చెరువు, చెరువులో తుమ్మచెట్లు, చెట్ల నిండా పక్షులు. చెట్టు కనపడదు, కొమ్మలకు పక్షులు కాసినట్టుంటుంది. ముందు వాసన తగిలింది. ఎండిన చేపలూ తడి సున్నమూ కలిపిన వాసన. మా అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఈ వాసన మధ్యే ఒక ఊరు వంట చేసుకుంటోంది, పండగ చేసుకుంటోంది.

ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని చెరువు దగ్గర ఎవరిని అడిగినా చెబుతారు. కొన్ని వలస పిట్టలు దూరం నుంచి వచ్చేవే, కాదనను. కానీ ఇక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్న గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశపువే. దూరపు చుట్టాలన్న పేరుతో ఇంటివాళ్లకు మర్యాద చేస్తున్నారు, పోనీలే.

గూడ అంటే పొలానికి నీళ్లు ఎత్తిపోసే బుట్ట. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచిని చూస్తే, ఆ పేరు పెట్టినవాడు కాలవగట్టు మీద నిలబడి గూడ వేసినవాడే అయి ఉంటాడనిపించింది. దాని పిల్ల తల్లి సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది. బయటి నుంచి చూస్తే తల్లి పిల్లను మింగుతోందో పిల్ల తల్లిని మింగుతోందో తెలియదు.

నేను మాత్రం ఒకే గూడు దగ్గర ఆగిపోయాను. గట్టుకు దగ్గరి చెట్టు మీద ఎర్రకాళ్ల కొంగ, గూట్లో రెండు పిల్లలు. పిల్లలు బూడిద రంగు నూగుతో ఉన్నాయి. వాలుతున్న ఎండ సూటిగా గూట్లో పడుతోంది. తల్లో తండ్రో, ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి నిలబడింది. పిల్లలు ఆ నీడలోకి జరిగాయి. సూర్యుడు దిగేకొద్దీ నీడ జరుగుతుంది కదా. పిల్లలు ఎండలో పడ్డప్పుడల్లా అది కాలు మార్చి కొంచెం తిరిగేది. అరగంటలో నాలుగుసార్లు తిరిగింది. పిల్లలు గీపెడుతూనే ఉన్నాయి. పెద్దది అరవలేదు. కొంగలకు పెద్దయ్యాక గొంతు పెద్దగా పలకదు, ముక్కు టకటకలాడించడమే వాటి మాట. వేట కూడా కళ్లతో కాదు. సగం తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ పోతాయి, చేప తగిలితే టక్కున మూస్తాయి. మురికి నీళ్లయినా ఒకటే.

మా అమ్మాయి చున్నీ ఎప్పుడు తీసేసిందో చూడలేదు. "ఇదే నాది అనుకోవచ్చా?" అని అడిగింది.

"పంచాంగం ప్రకారం కుక్కవి నువ్వు" అన్నాడు తమ్ముడు.

"మామయ్యా, నేను ఇక్కడ రెండు గంటల నుంచి నిలబడ్డాను. పంచాంగం ఎంతసేపు నిలబడింది?"

చీకటి పడుతుంటే వేటకు పోయినవి వరసలు వరసలుగా తిరిగి వచ్చాయి. ఒక్కో వరస చెరువు మీద ఒక చుట్టు తిరిగి, కాళ్లు ముందుకు చాపి, కొమ్మ వంగేలా దిగేది. ఆ కొమ్మ మీద ముందే ఉన్నవి పక్కకు జరగాల్సి వచ్చేది. జరిగేవి, కానీ ముక్కులు టకటకలాడించి గొణుక్కున్నాకే. జనరల్ బోగీలో సీటు దగ్గర జరిగే గొడవ ఇదే.

నాలుగో రోజు: సంక్రాంతి

కొలువు పెట్టాం. దశావతారాలు మూడో మెట్టు మీద. వాకిట్లో ముగ్గు, గొబ్బెమ్మలు. హరిదాసు తల మీద అక్షయపాత్రతో వచ్చాడు. గంగిరెద్దు వచ్చింది. మా అమ్మ పాత చీర ఇస్తే దాని వీపు మీద కప్పారు, 'అమ్మగారికి దండం పెట్టు' అంటే ముందు కాళ్లు వంచింది. ఎద్దుకు అంత మర్యాద. గేదె కొట్టం వైపు ఎవరూ సన్నాయి ఊదుకుంటూ రారు. ఇంతకు మించి ఈ రోజున అరిసెలు తినడం తప్ప ఏమీ జరగలేదు.

ఐదో రోజు: కనుమ

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. తిరుగు ప్రయాణం మర్నాటికే పెట్టుకున్నాం.

కనుమ పశువుల పండగ. మా ఇంట్లో ఒకప్పుడు ఆరు గేదెలు, జత ఎద్దులు. ఇప్పుడు ట్రాక్టరు అద్దెకు వస్తుంది, ఎద్దులు లేవు. తమ్ముడికి ఉన్నది ఒక్క గేదె, ముర్రా జాతి. కొమ్ములు జిలేబీ చుట్టలాగా తల పక్కన మెలి తిరిగి ఉంటాయి. దానికి నెలన్నర పెయ్యదూడ.

పొద్దున్నే చెరువుకు తోలుకెళ్లాం. గట్టు దిగాక దాన్ని తోలాల్సిన పని లేకపోయింది. మెడ దాకా మునిగి, ముక్కూ కళ్లూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టి, పెద్దగా ఒక్క ఊపిరి వదిలింది. నీళ్ల మీద వలయాలు లేచాయి. గేదెకు చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. ఒంటి వేడి పోవడానికి నీళ్లు కావాలి, లేదంటే బురద. వానలో కదలకుండా నిలబడితే మొండితనం అన్నారు గానీ, దానికి ఆ వాన ఎంత హాయో సామెత కట్టినవాడు అడిగి ఉండడు.

నేను చీర కొంగు దోపుకుని మోకాళ్ల లోతు దిగాను. గడ్డి చుట్టతో వీపు రుద్దితే మట్టి పోయి చర్మం గచ్చులాగా మెరిసింది. చెవుల వెనక గోమార్లు. ఒక్కొక్కటీ వేళ్లతో లాగుతుంటే తల నా వైపు ఒరిగించి కళ్లు సగం మూసింది. గేదె కళ్లు ఇంత దగ్గరగా చూసి పాతికేళ్లు దాటింది. నల్లగుడ్డు గుండ్రంగా ఉండదు, అడ్డంగా, కోలగా ఉంటుంది. అందులో నేనూ, నా వెనక ఆకాశమూ, గట్టు మీద ఫోను పట్టుకున్న మా అమ్మాయీ వంగిపోయి కనపడ్డాం. ఇవి పశ్చిమం కాలువ నీళ్లే కదా, మొన్న బ్యారేజీ దగ్గర చూసినవి మాకన్నా ముందే వచ్చి ఉంటాయా అనిపించింది. లెక్క వేస్తే తేలేదే గానీ వేయలేదు.

ఇంటికొచ్చాక కొమ్ములకు రంగు వేశాం, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. నుదుట పసుపూ కుంకుమా. మెడలో బంతిపూల దండ, కొత్త పలుపు. దండ వేసిన రెండు నిమిషాలకు అది తల తిప్పి అందినంత మేర బంతిపూలు తినేసింది.

పాత పలుపు గుంజ దగ్గర పడి ఉంటే నేను చుట్ట చుట్టాను. మా అమ్మ అరుగు మీద మినప్పప్పు కడుగుతోంది. కనుమనాడు మినుము తినాలి, గారెలకు. నా చేతుల వైపు చూసి, "అచ్చం అలాగే చుట్టాడు మీ నాన్న" అంది.

"ఏది?"

"చుక్కగేదె పలుపు. నువ్వు పట్టుకెళ్లావుగా."

నేను పట్టుకెళ్లడమేమిటి? చుక్కగేదె నాకు బాగా గుర్తు. ఆవులకు లక్ష్మి, గౌరి అని పేర్లు పెడతారు, గేదెలకు మా ఇంట్లో పేర్లు లేవు. బోడిది, తోకతెగినది, చుక్కది. నుదుట రూపాయంత తెల్లమచ్చ ఉండేది దానికి. ఇంటర్ రెండేళ్లూ పొద్దున కేంద్రానికి పాలు పోసి వచ్చి కాలేజీకి పోయేదాన్ని. 1996లో నాకు ఇంజనీరింగు సీటు వచ్చిన నెలలో దాన్ని అమ్మారని తెలుసు. ఎందుకు అమ్మారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడక్కపోవడం ఇప్పుడు వింతగా ఉంది. పదిహేడేళ్లకు అంత తెలియదా?

"గేదెను అమ్మితే పలుపు అమ్మకూడదు, ఇంటి పాడి పోతుంది అనేవాడు మీ నాన్న. కొన్నాయన వేరే తాడు తెచ్చుకుని కట్టుకెళ్లాడు. ఆ సాయంత్రమే నీ ట్రంకుపెట్టెకు గొళ్లెం ఊడింది. కొత్త తాడు కొనుక్కొస్తానంటే, ఎందుకు, ఇది దాని చదువుదే కదా అని ఆ పలుపుతోనే కట్టాడు."

అప్పుడు గుర్తొచ్చింది. జనపనార తాడు, అరచేతికి గరుగ్గా ఉండేది. హాస్టల్ గదిలో కిటికీ ఊచ నుంచి తలుపు మేకుకు కట్టి బట్టలు ఆరేసుకునేదాన్ని. మొదటి నెలంతా పేడ వాసన వస్తోందని గదిలో మిగతా ఇద్దరూ గొడవ చేశారు. నేను సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను. నాలుగేళ్లూ దాని మీదే నా ఓణీలు ఆరాయి. చివరి రోజు గది ఖాళీ చేసేటప్పుడు ముడి రాలేదు. కోయడానికి బ్లేడు వెతికే ఓపిక లేక అక్కడే వదిలేసి వచ్చాను.

అమ్మకు ఆ మాట చెప్పలేదు. పప్పు కడగడం అయ్యాక ఆవిడే "ఇప్పుడుందా ఆ తాడు?" అని అడిగింది. ఎక్కడో ఉండి ఉంటుంది అన్నాను.

సాయంత్రం పాలు నేను పితుకుతానన్నాను. తమ్ముడు అనుమానంగానే తప్పుకున్నాడు. పొదుగు కడిగాను, వేళ్లకు నూనె రాసుకున్నాను, గొంతుక్కూర్చున్నాను. చేతులకు అంతా గుర్తుంది. కానీ గేదె చేపలేదు. పాలు పైకి పట్టేసింది. కొత్త చేయి తగిలితే అంతే, పొదుగు నిండుగా ఉన్నా చుక్క రాలదు. తొందరపడి సూది మందు వేసి చేపించేవాళ్లు ఉన్నారు, మా తమ్ముడు ఆ పని చేయడు. మా అమ్మాయి దూడను వదిలింది. దూడ తలతో పొదుగును నాలుగు పోట్లు పొడిచి తాగడం మొదలుపెట్టింది. ఒక్క నిమిషానికి చన్నులు ఉబ్బాయి. దూడను లాగి కట్టేసి నేను చేయి వేశానో లేదో మళ్లీ బిగపట్టింది. తల తిప్పి నన్ను చూసింది. కొమ్ము మీది పసుపు రంగు నా భుజానికి అంటుకుంది.

"లే అక్కా, నేను చూస్తాను" అన్నాడు తమ్ముడు. వాడు కూర్చోగానే చెంబులో చుయ్యి చుయ్యిమని ధార పడింది. మా అమ్మాయి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నురగ పైకి రావడం చూస్తోంది. దూడ దాని మోచేయి నాకుతోంది.

"నన్ను చుట్టం కింద లెక్కవేయలేదురా" అన్నాను.

వాడు చెంబు నుంచి కళ్లు తిప్పలేదు. "కొత్తవాళ్లు కూర్చుంటే తన్నే గేదె ఇది. పాల కేంద్రం ఆయనకు రెండుసార్లు మోకాలు పగిలింది. నిన్ను తన్నలేదుగా."